జోడేఘాట్టు స్మారకశిల: ఆశ్వయుజ పూర్ణిమ

యుద్ధమున మడిసినవారికి శిల నిలుపుట తెలుఁగునాఁట నిన్న మొన్నటి యాచారము గాదు. ఊరి పొలిమేరలయందును, ఆలయప్రాకారముల యొద్దను, చెఱువుకట్టలమీఁదను వీరగల్లులు నేఁటికిని గానవచ్చుచున్నవి. పసులమందను మరలించుకొని వచ్చుటలోఁ బడినవాఁడును, పులితోఁ బోరి చచ్చినవాఁడును, ఏలికకొఱకుఁ దల నిచ్చినవాఁడును ఆ ఱాళ్లమీఁద నొక్క తీరుననే కత్తిపట్టి నిలిచియుందురు. కారెంపూడిలోఁ బల్నాటి వీరులకు గుడియే కలదు. అచ్చట ప్రతిసంవత్సరము కార్తికామావాస్య మొదలుగా వీరారాధనోత్సవము జరుగును. బొబ్బిలిలో 1757 జనవరి 24వ తేదినాఁటి యుద్ధమునకు గుర్తుగా నా సంస్థానపు ప్రభువులే తరువాతి శతాబ్దమున స్తంభము నెత్తించిరి. ఇట్టివానిలోఁ బెక్కింట, గెలిచినవారో, ఓడియు మరల నేలుబడికి వచ్చినవారో, తమ పూర్వుల కీర్తికై శిల నిలిపిరి. ఏలుబడి యెన్నఁడును లేని గూడెపువారు, దొరతనము నెదిర్చి మడిసినచోట, వారి పేర నిలిచిన శిలలు మిక్కిలి యరుదు. అట్టివి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో రెండు గలవు. ఒకటి కెరమెరి మండలములోని జోడేఘాట్టున నున్నది. వేఱొకటి ఇంద్రవెల్లి గ్రామమున నున్నది. మొదటిది 1940వ సంవత్సరపుఁ బోరాటమునకును, రెండవది 1981వ సంవత్సరపుఁ గాల్పులకును గుర్తు. రెంటి నడుమ నలువది యేండ్లు గడచినవి గాని, వివాదకారణ మొక్కటియే: అడవి నఱకి సాగుచేసికొన్న నేల యెవ్వరిది?

ఈ కొండలలో నివసించు గోండులు తమ్ముఁ దాము కోయితూరు లందురు. వారి భాష ద్రావిడకుటుంబములోనిది, తెలుఁగునకు దగ్గఱి చుట్టము. వారు నీటిని 'ఏర్' అందురు, తెలుఁగువారు నీరు పాఱుదానిని 'ఏఱు' అందురు, ధాతువొక్కటియే. గోండులకు వ్రాఁత లేదను మాటయు నిలువదు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున వ్రాఁతప్రతులు బయల్పడి, ఆ లిపి పండితులచేఁ బరిశీలింపఁబడి, 2018లో యూనికోడు లిపిపట్టికలోఁ జేరినది. అయినను జోడేఘాట్టు పోరాటమును గూర్చి గోండులు నిలుపుకొన్నది వ్రాఁతలో గాక నోటిమాటలోనే. దొరతనమువారు నిలుపుకొన్నది కచ్చేరి కాగితములలో. ఈ రెండు సాక్ష్యములకును గల పొంతన లేమియే యీ చరిత్రలోని చిక్కులకెల్ల మూలము.

నిజాము రాజ్యమున అడవులకుఁ గట్టుబాట్లు పెట్టకమున్ను గోండు సేద్యకాఁడు ఒకచోటఁ గొన్ని యేండ్లు దున్ని, నేల సారము తగ్గఁగా దానిని బీడుపెట్టి వేఱొకచోటికిఁ బోవుచుండెను. నేలకుఁ గొదవ లేని దినములలో నది వివేకమైన పద్ధతియే. ఆ సేద్యకానికిఁ బట్టాతోఁ బని లేదు. పట్టా యనఁగా నేమో తెలియదు. అడవిశాఖవారు గీఁతలు గీసి రక్షితారణ్యముల నేర్పఱచినపుడు, బీడుపెట్టిన చేలెల్ల నడవిలోఁ జేరిపోయినవి. అదే కాలమున మైదానమునుండి వచ్చిన సేద్యకాండ్రును, వడ్డీవ్యాపారులును, చిన్న యుద్యోగులును కచ్చేరిలో దరఖాస్తు పెట్టి మిగిలిన మంచి నేలలకుఁ బట్టాలు పొందిరి. కాజీపేట బల్లార్షా రైలుమార్గము 1929లోఁ బూర్తి యగుటతో నీ వలస మఱింత పెరిగినది. గోండు తాను దున్నిన చేనిలోనే కౌలుదారో కూలివాఁడో యయ్యెను. లేదా గీఁత దాఁటి యడవిలోఁ జొచ్చి దొరతనపు దృష్టిలో నేరస్థుఁ డయ్యెను. కత్తి యెత్తకయే కాగితముతో దేశమును గెలుచుట యెట్లో తెలిసికొనఁగోరువారు ఈ జిల్లా భూమిలెక్కలఁ జదువవలయును.

కుమురం భీము కథ యీ స్థితిలో మొలకెత్తినదే. కుమ్రం, కొమరం, కుమురం అని యీ యింటిపేరు పలువిధముల వ్రాయఁబడుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదిని జిల్లా యేర్పడినపుడు దొరతనమువారు 'కుమురం' అను రూపమును గైకొనిరి. భీము 1901లో ఆసిఫాబాదు ప్రాంతమున సంకేపల్లిలోఁ బుట్టెనని చెప్పుదురు. తండ్రి చిన్ను అడవి యుద్యోగులతోడి జగడమున మరణింపఁగా, ఆ కుటుంబము కెరమెరి సమీపమున సుర్దాపూరునకుఁ దరలి యడవి గొట్టి సాగు చేసినది. పంట చేతికి వచ్చునప్పటికి సిద్దీకు అనువాఁడు ఆ భూమి తన పట్టాలోనిదని వచ్చి కూర్చుండెను. ఆ తగవులో భీము వానిఁ గొట్టఁగా వాఁడు చచ్చెను. భీము రాజ్యపు టెల్ల దాఁటి పాఱిపోయెను. చాందాలో ఒక అచ్చుకూటమునఁ బని చేసి చదువు నేర్చుటయు, అస్సాము తేయాకు తోఁటలలోఁ గూలిపని చేయుటయు, తిరిగివచ్చి కాకన్‌ఘాట్టులో లచ్చుపటేలు నొద్దఁ జేరుటయు, సోంబాయిని బెండ్లాడుటయు నీ కథలోని తరువాతి ఘట్టములు.

ఈ ఘట్టములయందు విమర్శకుఁడు మెలఁకువతో నుండవలయును. వీనికి మూలము గూడెములలోని వృద్ధుల మాటలు. వానిని లోకమునకుఁ దెలిపినవారిలో సాహు, అల్లం రాజయ్యగారలు ముఖ్యులు. వారు కొండలఁ దిరిగి విన్నదానిని నవలగా వ్రాసిరి. నవల వ్రాసినవారు నవల యనియే చెప్పిరి. అందలి సంభాషణములను సైతము చరిత్రగా నుదాహరించుట పిమ్మటివారి దోసము. 2022లో వచ్చిన యొక చలనచిత్రము భీమునకును అల్లూరి సీతారామరాజునకును స్నేహము గల్పించినది. సీతారామరాజు 1924 మే 7వ తేదిని మరణించెను. భీము పోరాటము పదునాఱేండ్ల పిదప జరిగెను. ఇరువురును గలిసికొనిన జాడ చరిత్రలో లేదు. కల్పన కల్పనగాఁ దెలిసినంత దాఁక దానివలన హాని లేదు గాని, పాఠశాలలో బాలురు దానినే పరీక్షాపత్రములలో వ్రాయకుండఁ జూచుకొనుట యుపాధ్యాయుల పని.

తిరిగివచ్చిన భీము, తనవారితోఁ గూడి, ధనోరా యడవిలోని బాబేఝరి, జోడేఘాట్టు మొదలగు చోట్ల గుడిసెలు వేసి సాగు మొదలుపెట్టెను. గోండులతోఁ బాటు కొలాములును వారిలో నుండిరి. పండ్రెండు గూడెములని లెక్క చెప్పుదురు. అడవి యుద్యోగులు గుడిసెలఁ గాల్చుటయు, చేలఁ ద్రొక్కించుటయు, వీరు మరల వేసికొనుటయుఁ గొంతకాలము జరిగినది. దొరతనముతో రాయబారములును నడచినవి. కొందఱికిఁ బట్టా లిత్తుమన్నను భీము సమ్మతింపక, పండ్రెండు గూడెములపై గోండులకే పెత్తన ముండవలయునని పట్టెనని గోండుల మాట. 'జల్, జంగల్, జమీన్' అను మూఁడు మాటలు నేఁడు భీము పేరితో విడఁదీయరానివై యున్నవి. ఇందు మొదటిది సంస్కృతము, రెండవది సంస్కృత జంగలమునుండి హిందుస్తానీలోనికి వచ్చినది, మూఁడవది పారసీకము; గోండియొక్కటియు లేదు. ఇది యొక కొఱఁతగాఁ జూపువారు గలరు. కాని అర్జీ పెట్టుకొనువాఁడు అర్జీ చదువువాని భాషలోనే మాటలాడవలసివచ్చునను సంగతి వారు మఱచుచున్నారు. కచ్చేరి యెదుట 'ఏర్' అన్నచో నెవ్వరికిఁ దెలియును?

కడకు సాయుధపోలీసులు జోడేఘాట్టు గుట్ట నెక్కిరి. వారి కాసిఫాబాదు తాలూకుదారు అబ్దుల్ సత్తారు పెద్దయని చెప్పుదురు. గోండులయొద్ద నాటుతుపాకులును, బరిసెలును, ఱాళ్లును నుండెను. కాల్పులలో భీముతోఁ గూడ పదిమందికిఁ బైగా మడిసిరి. నిజాము దొరతనము దీనిని తిరుగుబాటుగా నెంచినది. గోండుల పాటలలో నిది పోరాటము.

ఈ పేరులలోని భేదము మాటపట్టింపు గాదనుటకు దూరదేశపు నిదర్శన మొకటి పనికివచ్చును. అమెరికాలోని ఫ్లోరిడాయందు సెమినోలు లను జాతివారు గలరు. 1830లో అమెరికా ప్రభుత్వము తూర్పుప్రాంతపు మూలవాసులను మిసిసిపి నదికిఁ బడమటికిఁ దరలించుటకుఁ జట్టము చేసి, 1832లో సెమినోలులచేత నొక యొడంబడికకు వ్రాలు చేయించినది. దాని నొప్పుకొననివారు 1835 డిసెంబరు 28వ తేదిని, ఒక కోటనుండి మఱియొక కోటకుఁ బోవుచున్న మేజరు డేడు దండును దారిలో నడ్డగించి, నూఱుమందికి మించిన యా దండులో నించుమించుగా నందఱిని జంపిరి. అచ్చట బుష్నెల్ అను చిన్న పట్టణము చెంత నా పోరుస్థలము రక్షితమై యున్నది. 1921లో ఫ్లోరిడా శాసనసభ దానికి ధనము కేటాయించినది. ఆ స్థలమున సైనికులకు స్మారకము లెత్తిరి. ఆ ఘటనకుఁ జిరకాలము 'డేడు మారణకాండ' యని పేరు. నేఁడు 'డేడు యుద్ధము' అనుచున్నారు. మారణకాండ యనఁగా నొకరు హంతకులు, వేఱొకరు బలియైనవారు. యుద్ధ మనఁగా నిరుపక్షములకును గారణము గలదని యొప్పుకొనుట. ఒక్క మాట మార్పునకు నూఱేండ్లకుఁ బైగాఁ బట్టినది. 1842 దాఁక సాగిన యా యుద్ధమున వేలకొలఁది సెమినోలులు పడమటికిఁ దఱుమఁబడిరి; చిత్తడి నేలలలో నడఁగియున్న కొలఁదిమంది సంతతివారు 1957లో ఫ్లోరిడా సెమినోలు తెగగా గుర్తింపు వడసిరి. వలసవచ్చినవారి శిలయే అచ్చట మొదట నిలిచినది. ఆదిలాబాదులో నిలిచినది మూలవాసుల శిల. ఈ వ్యత్యాసమునకుఁ గారణము దొరతనముయొక్క ఔదార్యము గాదు. ఇచ్చటి దొరతనమే 1948లో మాఱిపోయినది. నిజామును ధిక్కరించినవానిని గౌరవించుట తరువాతివారికి సులభమయ్యెను. తమ్మే ధిక్కరించినవారి విషయమున వారేమి చేసిరో ఇంద్రవెల్లికడఁ జూడనగును.

జోడేఘాట్టు పోరాటము జరిగిన దినమును గూర్చి యిప్పుడు విచారింపవలసియున్నది. ప్రతిసంవత్సరము ఆశ్వయుజ శుద్ధ పూర్ణిమనాఁడు గోండులు భీము వర్ధంతి జరుపుదురు; దొరతనమువారును నా తిథినే పాటించుచున్నారు. ఇంగ్లీషు తేది చెప్పవలసివచ్చినపుడు మాత్రము 1940 సెప్టెంబరు 1 అని కొందఱును, అక్టోబరు 8 అని కొందఱును, అక్టోబరు 27 అని మఱికొందఱును వ్రాయుచున్నారు. ఒకే పుటలోఁ బూర్ణిమయనియు అక్టోబరు 27 అనియు వ్రాసినవారును గలరు. ఈ మూఁడు తేదులలో నేదియైనను పూర్ణిమ కాఁగలదా?

దీనికిఁ బాత పంచాంగముల వెదకనక్కఱలేదు. 1940 అక్టోబరు 1వ తేదిని సంపూర్ణసూర్యగ్రహణము సంభవించినది. అది దక్షిణామెరికాయందును దక్షిణాఫ్రికాయందును గానవచ్చినది. మన దేశమునఁ గానరాలేదు. కానరాకున్నను సూర్యగ్రహణము అమావాస్యయందుఁ దక్క కలుగదు గదా. విక్రమ నామ సంవత్సరమున నది భాద్రపదామావాస్య. అది మొదలుకొని లెక్కింపఁగా ఆశ్వయుజ పూర్ణిమ 1940 అక్టోబరు 16వ తేది బుధవారమునకు వచ్చును; వెన్నెలరాత్రినే గణించినచో 15, 16 తేదుల నడిమి రాత్రి యనవచ్చును. ఇఁక సెప్టెంబరు 1వ తేది శ్రావణ బహుళాంతము, చీఁకటి రేయి. అక్టోబరు 8వ తేది ఆశ్వయుజ శుద్ధ సప్తమీ అష్టముల యందలిది. అనఁగా దేవీనవరాత్రముల నడుమ. అక్టోబరు 27వ తేది బహుళ ఏకాదశీప్రాంతము. కావున మూఁడు తేదులలో నొక్కటియుఁ బూర్ణిమ గానేరదు. తిథి నిజమైనచో తేదులు తప్పు. తేదులలో నొకటి నిజమైనచో తిథి తప్పు.

రెంటిలో దేనిని నమ్మఁదగును? గోండుల సంవత్సరమున దసరాకును దీపావళికిని నడిమి కాలము సామాన్యమైనది గాదు. ఈ పూర్ణిమ దాఁటిన పిదప దండారి మొదలగును. నెమలియీఁకల కిరీటములు దాల్చిన గుస్సాడీలు ఊరినుండి యూరికిఁ బోయి యాడుదురు. దీపావళితో నది ముగియును. అక్టోబరు 27వ తేది యీ దండారి దినములలోఁ బడును. గ్రామములన్నియు నాటపాటలలో నున్న దినములలో నాయకుఁడు చచ్చియున్నచో, జనులు 'దండారిలోఁ జచ్చెను' అని చెప్పుకొనెడివారే గాని 'పున్నమనాఁడు' అని చెప్పుకొనరు. అట్లే అక్టోబరు 8వ తేది యైనచో 'దసరాకు ముందు' అనెడివారు. అంకెల నెఱుఁగని జనము పండుగలను, చంద్రుని జూచి కాలమును గుర్తుంచుకొనును. అట్టి గుర్తు అంకెకంటె దృఢము. కచ్చేరి కాగితములలోనో ఆ దినములలో ఫసలీ సంవత్సరమును, ఆజూరు మొదలగు పారసీకపు నెలపేరులును వాడుకలో నుండెను. వానినుండి ఇంగ్లీషు తేదికి మార్చునపుడు పొరపాటు దొర్లుటకుఁ జోటు గలదు.

వేఱొక కారణమును దోఁచుచున్నది. వర్ధంతి తిథినిబట్టి జరుగును గావున దాని తేది యేఁటేఁట మాఱును. 2014లో ఆశ్వయుజ పూర్ణిమ అక్టోబరు 8వ తేదిని వచ్చినది. 2015లో 27వ తేదిని వచ్చినది. 2017లో 5వ తేదిని వచ్చినది. పంతొమ్మిదేండ్ల కొకమాఱు తిథులును తేదులును ఇంచుమించుగా మరల నొక్కటగుట జ్యోతిషము నెఱిఁగినవారికి విదితమే. ఏదో యొకయేఁటి వర్ధంతి తేది, సంవత్సరము మాత్రము 1940గా మాఱి, మరణదినముగాఁ బ్రచారములోనికి వచ్చియుండుట యసంభవము గాదు. ఇది యూహ యైనను, రెండు తేదులు రెండు పూర్ణిమలతో సరిపోవుట గమనింపఁదగినది. ఎట్లైనను, శిలమీఁద నొక తేది చెక్కవలసివచ్చినచో, విక్రమ ఆశ్వయుజ శుద్ధ పూర్ణిమ యని చెక్కి, దాని ప్రక్కను 1940 అక్టోబరు 16 అని వ్రాయుట యుక్తము. గోండుల సాక్ష్యమును గాదని కచ్చేరి తేదిని నిలుపుటకు బలవత్తరమైన కారణ మేదియుఁ గనఁబడదు.

భీము మడిసిన పిదప నిజాము దొరతనము చేసిన తెలివైన పని, కారణమును విచారించుటకుఁ బండితు నొకనిఁ బంపుట. వియన్నానగరపు మానవశాస్త్రజ్ఞుఁడు హైమెండార్ఫు యుద్ధకారణమున హైదరాబాదు రాజ్యములోనే యుండిపోవలసి వచ్చి, అప్పటికే చెంచులనుగూర్చి పరిశోధనము చేసియుండెను. ఆయన గోండులలో నివసించి, పట్టాలు లేమియు, అడవిగీఁతలు లాగిన తీరును, చిన్న యుద్యోగుల లంచములును ఈ యనర్థమునకు మూలమని వ్రాసెను. 1943లో మర్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మారంభమైనది. తరువాతి కొలఁది యేండ్లలో సుమారు 1,60,000 ఎకరములకు గోండులు మున్నగువారికిఁ బట్టా లిచ్చిరి. ఈ పనిలో సేతుమాధవరావు పగ్డీగారు ప్రత్యేకోద్యోగిగాఁ బనిచేసి, గోండీ భాషను నేర్చి, వారినిగూర్చి గ్రంథములును వ్రాసిరి. ఒక్క సాంకేతికమైన మాటను గప్పి చెప్పక తప్పదు: జోడేఘాట్టున బలిగొన్న దొరతనమే, ఆ బలి జరిగినందుననే, యీ పట్టాల నిచ్చినది. అర్జీలవలనఁ గాని పని చావులవలన నైనది.

ఆ పట్టాలు చిరకాలము నిలువలేదు. 1959వ సంవత్సరపు భూబదలాయింపు నిబంధనము 1963లోఁ దెలంగాణమునకును వర్తింపఁజేయఁబడి, 1970లో మఱింత గట్టిపఱపఁబడినది. గిరిజనుల నేల గిరిజనేతరులకుఁ బోరాదని దాని సారము. చట్టము బలపడిన కాలముననే నేల జాఱిపోవుటయు బలపడినది. రోడ్లు పడినవి; ప్రత్తి పంట లాభకరమైనది; మైదానపు సేద్యకాండ్రు నలుదిక్కులనుండియు వచ్చిరి. హైమెండార్ఫు ముప్పదియేండ్లకుఁ దిరిగివచ్చి చూచి, తా నెఱిఁగిన గోండు కుటుంబములు తమ చేలలో గూలివారగుటను 1982 నాఁటి గ్రంథమున వ్రాసియున్నాఁడు. దీనికిఁ దోడు, 1976లో లంబాడీలు తెలంగాణమునను షెడ్యూల్డు తెగలలోఁ జేర్పఁబడిరి. వారును బేదలే, వారును గచ్చేరులచే నేరస్థజాతిగా ముద్రవడి నలిగినవారే. కాని ఆ చేరికతో భూమినిబంధనము వారి విషయమున నడ్డుగోడ గాకపోయెను. పొరుగు రాష్ట్రమునుండి వలసయుఁ బెరిగెను. గోండుల మనస్సులో నీ సంగతి ముల్లువలె నున్నది.

ఇంద్రవెల్లిలో సోమవారము సంత. 1981 ఏప్రిలు 20వ తేది సోమవారము. గిరిజన రైతుకూలీ సంఘమువా రా దినమున భూమి పట్టాలకై సభ తలపెట్టఁగా అధికారులు నిషేధించిరి. సంతకు వచ్చువారిని సభకు వచ్చువారిని వేఱుపఱచుట యెవ్వరి తరము? కొండలనుండి కాలినడకను వచ్చిన జనమునకు నిషేధపు వార్త చేరినదో లేదో. పోలీసులు కాల్చిరి. పదుమువ్వురు చనిపోయిరని ప్రభుత్వపు లెక్క. పౌరహక్కులసంఘములవారు అంతకుఁ బెక్కురెట్లని చెప్పిరి. శవములు దొరకనివారి పేరులు లెక్కలోని కెక్కవు. లెక్క కెక్కనివారు చావనివా రగుదురు. ఇట్టి యంకెల భేదము తీరుటకు గూడెము గూడెమునఁ గుటుంబముల విచారించి పేరుల వ్రాయుట యొక్కటియే మార్గము. వయసు మీఱినవా రొక్కరొక్కరుగాఁ దరలిపోవుచున్నందున నది యాలసింపరాని పని.

1983లో ఆ సంఘమువారు అచ్చట స్తూపము నెత్తిరి. 1986లో గుర్తు తెలియనివారు దానిని గూల్చిరి. అలజడి పుట్టఁగా, మఱుసటి యేఁడు ప్రభుత్వపక్షముననే మరల స్తూపము గట్టఁబడినది. ఇది వింతయైన సంగతి: కాల్చినవారి పక్షమే కాల్పులలోఁ జచ్చినవారికి స్మారకము గట్టినది; గట్టియు, ఏప్రిలు 20వ తేదినాఁడు దాని దరికి జనులఁ జేరనీయక పెక్కేండ్లు నిషేధాజ్ఞల విధించినది. పూలు పట్టుకొని వచ్చినవారిని దారిలోనే త్రిప్పిపంపుచుండిరి. శిలయెదుట నిలుచుటకు భయపడునది పాలకులే యైనపుడు, ఆ శిల తన పనిని జేయుచున్నదనియే యర్థము. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట నిర్బంధము క్రమముగా సడలినది. 2024 ఫిబ్రవరి 2వ తేదిని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు అచ్చట స్మృతివనమునకు శంకుస్థాపన చేసిరి.

జోడేఘాట్టునకు మొదటినుండియు నట్టి యాటంకము లేదు. 2014 అక్టోబరు 8వ తేదిని, అనఁగా నాఁటి పూర్ణిమను, అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు గుట్టకడకు వచ్చి స్మారకమును వాగ్దానము చేసిరి. 2016లో స్మారకమును, గిరిజన ప్రదర్శనశాలయు వెలసినవి. ఆ శాలలో నీ ప్రాంతపు తెగల ప్రతిమల నుంచుచు లంబాడీ స్త్రీ ప్రతిమ నొకదానిని నుంచిరి. 2017 అక్టోబరు 5వ తేది వర్ధంతినాఁడు ఆదివాసులు దానిని దగ్ధము చేసిరి. ప్రతిమను గాల్చుట మెచ్చఁదగిన పని కాదు. కాని ప్రదర్శనశాలను గట్టినవారు ఆ గుట్టయొక్క చరిత్రను జదివి యుండరనియుఁ జెప్పక తప్పదు. తన నేలను బోఁగొట్టుకొన్నందులకై మడిసినవాని సమాధికడ, ఎవరి ప్రతిమ యెచ్చట నిలుపవలయునను ప్రశ్న అలంకారవిషయము గాదు. 2022 సెప్టెంబరు 17వ తేదిని హైదరాబాదున బంజారాహిల్సునందుఁ గుమురం భీము పేర ఆదివాసీ భవనమును, సేవాలాలు పేర బంజారా భవనమును ఒక్క దినముననే తెఱచిరి. నగరమున రెండు భవనములు ప్రక్కప్రక్కనే నిలుచుట సులభము. కొండలలో రెండు నాఁగళ్లొక్క చేనిలో దిగుట కష్టము.

ఈ రెండు శిలల విషయమున గమనింపఁదగిన భేద మొకటి మిగిలియున్నది. జోడేఘాట్టు వర్ధంతి చంద్రుని ననుసరించును. తేది యేఁటేఁట మాఱును. ఇంద్రవెల్లి సంస్మరణము ఇంగ్లీషు తేది ననుసరించును. ఏప్రిలు 20 మాఱదు. నలువది యేండ్లలో గోండుల కాలగణనమే పండుగనుండి క్యాలెండరునకు మాఱినదని దీనివలనఁ దెలియుచున్నది. నోటీసులు, వాయిదాలు, పట్టాల గడువులు అన్నియు తేదులతో నడచు లోకములో బ్రదుకవలసినవాఁడు తన చావులనుగూడ తేదులతోనే వ్రాసికొనును. మర్లవాయిలో హైమెండార్ఫు భార్య యెలిజబెత్తు సమాధి గలదు. ఆమె 1987లో మరణింపఁగా గోండులు తమ యూరిలోనే నేల యిచ్చిరి. 1995లోఁ జనిపోయిన హైమెండార్ఫు చితాభస్మమును గూడఁ దరువాతి కాలమునఁ దెచ్చి యామె ప్రక్కనే నిక్షేపించిరి. ఆ యిరువురి సంస్మరణమును నచ్చటివారు జనవరి 11వ తేదిని, ఆమె గతించిన దినమున జరుపుచున్నారు. తిథిని జూచుట లేదు.